ఓడినవారి ముఖాలు
(భద్రాచలంలో జరిగిన సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



చారిత్రక యుద్ధ చిత్రాల పరిమిత ముద్రణలను సేకరించే మా అలవాటును గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఈ మాట వినగానే కొందరి ముఖాల మీద చిరునవ్వు కనబడింది. వక్ఫు భూములు, ఉర్దూ పాఠశాలల ఖాళీలు, ఉపకార వేతనాలు మొదలైన సమస్యలను చర్చించవలసిన సభలో బొమ్మల కాగితాల ముచ్చట ఏమిటని ఆ చిరునవ్వు అడుగుతున్నది. అడగవలసిన ప్రశ్నే. మేమూ చాలాకాలం ఇది మా తీరిక వేళల వ్యాపకమనే అనుకున్నాము. అట్లా అనుకున్నంతకాలం మేము చేసిన ఒక తప్పు మాకు తప్పుగా కనబడలేదు. దానిని ఈరోజు మీ ముందు చెప్పుకోవాలన్నది మా ఉద్దేశం. అయితే ముందుగా ఈ కాగితాలేమిటో చెప్పాలి.

మేమంటే అయిదుగురం. ఇద్దరం ఉపాధ్యాయులం, ఒకరు సింగరేణి నుంచి పదవీ విరమణ చేసినవారు, ఒకరు పుస్తకాలకు అట్టలు కట్టేవారు, మరొకరు ఖమ్మం కోట కింది వీధిలో ఫోటో ఫ్రేముల దుకాణం నడిపేవారు. ధనవంతులం కాము. హైదరాబాదులో ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల నడుమ, చినిగిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో మా మొదటి చిత్రం దొరికింది. శ్రీరంగపట్టణం కోట ద్వారం వద్ద టిప్పు సుల్తాన్ నేలకొరుగుతున్న దృశ్యం అది. పుస్తకం మొత్తాన్ని ఒక పూట భోజనం ఖరీదుకు కొన్నాము. ఇంటికి తెచ్చి, భూతద్దం కింద పెట్టి, అపురూపమైన వస్తువు దొరికిందని మురిసిపోయాము. అది ఉక్కు రేకు మీద చెక్కి వేలకొద్దీ తీసిన అచ్చులలో ఒకటని, పరిమిత ముద్రణ కానే కాదని తెలియడానికి మాకు మూడేళ్లు పట్టింది.

పరిమిత ముద్రణ అన్న మాట వెనుక ఉన్న పని తీరును వివరించకుండా ముందుకు పోలేము. పూర్వం చిత్రకారుడు నూనెరంగులతో గీసిన పెద్ద పటాన్ని మరొక పనివాడు రాగి రేకు మీద గీతలుగానో చుక్కలుగానో చెక్కేవాడు. ఆ రేకుకు సిరా పూసి, పైపైని తుడిచి, తడిపిన కాగితాన్ని దాని మీద పరచి, రెండు రూళ్ల మధ్య నొక్కితే అచ్చు వచ్చేది. రాగి మెత్తని లోహం. ఒక్కొక్క ఒత్తిడికి గీతలు కొంచెం కొంచెంగా అరిగిపోతాయి. మొదటి అచ్చులలో కనురెప్పల వెంట్రుక సైతం కనిపిస్తే, కొన్ని వందల తరువాత ముఖమంతా మసకబారుతుంది. మెజోటింట్ అనే పద్ధతిలోనైతే ఒకటి రెండు వందలకే రేకు చేవ తగ్గిపోతుంది. అంటే పరిమితి మొదట లోహానిదే తప్ప మనిషి పెట్టినది కాదు. అందుకే మొదటి అచ్చులకు, అందులోనూ అడుగున పేరు చెక్కకముందే తీసిన అచ్చులకు, ఎక్కువ ధర పలికేది. 1820ల నుంచి ఉక్కు రేకులు వచ్చాక ఒకే చిత్రాన్ని వేలకొద్దీ తీయడం సాధ్యమైంది. అప్పుడు కొనేవారికి నమ్మకం కలిగించడానికి 1847లో లండనులో అచ్చుచిత్రాల వర్తకులు ఒక సంఘం పెట్టుకొని, మేలు ప్రతుల మీద ముద్ర వేయడం మొదలుపెట్టారు. ఇక నేడు మనం చూసే పద్ధతి, చిత్రకారుడు పెన్సిలుతో సంతకం చేసి నూట యాభైలో పన్నెండవది అని అంకె వేయడం, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో గానీ స్థిరపడలేదు. లోహం పెట్టే హద్దు పోయిన తరువాత మనిషి హద్దు పెట్టుకున్నాడన్నమాట. అంకెలు ముగిశాక రేకు మీద అడ్డంగా గీతలు గీసి పాడుచేస్తారు. మళ్లీ అచ్చు తీయడం కుదరదని హామీ అది.

ఇప్పుడు హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ కంప్యూటరు ముద్రణ తీసి, దాని కింద పరిమిత ప్రతి అని బంగారు అక్షరాలు వేసి అమ్ముతున్నారు. మోసపోయినవారిలో మేమూ ఉన్నాము. ఫ్రేముల దుకాణం మిత్రుడు అప్పటి నుంచి జేబులో చిన్న భూతద్దం పెట్టుకొని తిరుగుతున్నాడు. అద్దం కింద గళ్లుగా పేర్చినట్లు రంగు చుక్కలు కనబడితే అది యంత్రపు ముద్రణ. సిరా కాగితం మీద కొంచెం ఉబ్బి, చిత్రం చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లపు గుర్తు వేలికి తగిలితే అది చేతి అచ్చు. ఆ అంచు గుర్తును కత్తిరించి ఫ్రేములో ఇమిడించే అలవాటు మన ఊళ్లలో ఉన్నది. దయచేసి అట్లా చేయకండి.

ఇక అసలు విషయానికి వద్దాము. మా పెట్టెలలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం మైసూరు యుద్ధాలవి. ఇందుకు కారణం మా అభిమానం మాత్రమే కాదు. ఇంగ్లాండులో ఆనాడు అంతగా అమ్ముడైన భారతీయ విషయం మరొకటి లేదు. 1799 మే 4న టిప్పు మరణించాడు. మరుసటి సంవత్సరం లండనులోని లైసియంలో రాబర్ట్ కెర్ పోర్టర్ అనే యువకుడు శ్రీరంగపట్టణం ముట్టడిని సుమారు 120 అడుగుల పొడవైన పటంగా ప్రదర్శించాడు. ఆరు వారాలలో గీశాడంటారు. అప్పటికి అతని వయస్సు ఇరవైరెండు, ఇరవైమూడేళ్లు. భారతదేశంలో అడుగుపెట్టినవాడు కాడు. టికెట్టు కొని జనం బారులు తీరి చూశారు. ఆ పెద్ద పటం తరువాత అగ్నికి ఆహుతైంది. అయినా 1802, 1803లలో వెండ్రమీని అనే ఇటలీ పనివాడు దానిని విడివిడి దృశ్యాలుగా చుక్కల పద్ధతిలో చెక్కాడు. పటం కాలిపోయినా అచ్చులు మిగిలాయి. యుద్ధంలో పాల్గొన్న అధికారుల కుటుంబాలు ముందుగా చందాలు కట్టి వాటిని కొనుక్కున్నాయి. ఏ ముఖం ఏ అధికారిదో తెలిపే పట్టికలు కూడా ఇటువంటి చిత్రాలకు జతచేసేవారు. కొనేవాడి ముఖం స్పష్టంగా ఉండాలి గదా! మన సిపాయిల ముఖాలకు పేర్లు అక్కరలేదు.

ఈ చిత్రాలను వరుసగా పరచి చూసినప్పుడు మాకు ఒక విషయం తట్టింది. టిప్పు బ్రతికి, నిలబడి, గెలుస్తున్న దృశ్యం వీటిలో లేదు. ఒకదానిలో అతని చిన్న కుమారులిద్దరిని 1792లో కార్న్‌వాలిస్‌కు బందీలుగా అప్పగిస్తారు. మరొకదానిలో అతడు ద్వారం వద్ద పడిపోతాడు. ఇంకొకదానిలో దివిటీల వెలుతురులో అతని దేహాన్ని వెదుకుతారు. డేవిడ్ విల్కీ 1839లో పూర్తిచేసిన చిత్రంలో సేనాని బైర్డ్ నిటారుగా నిలబడి ఉంటాడు, కింద నీడలో టిప్పు దేహం ఉంటుంది. ఆ చిత్రాన్ని గీయించినది బైర్డ్ భార్య. బైర్డ్ స్వయంగా పొల్లిలూరు యుద్ధంలో పట్టుబడి శ్రీరంగపట్టణంలో దాదాపు నాలుగేళ్లు ఖైదులో ఉన్నవాడు. ఆ సంగతిని స్ఫురింపజేయడానికి విల్కీ అతని పాదాల కింద చెరసాల కటకటాలను చూపించాడు. పనితనంలో గొప్ప చిత్రమేనని ఒప్పుకోవాలి. శత్రువు గీసినంత మాత్రాన చిత్రం చెడ్డది కాదు. అయినా ముఖాల మీద వెలుతురు ఎక్కడ పడుతున్నదో చూడండి, ఎవరు డబ్బిచ్చారో తెలుస్తుంది.

దీనికి జవాబుగా మనవైపు నుంచి ఒక చిత్రం ఉన్నది. శ్రీరంగపట్టణం దరియా దౌలత్ భవనపు గోడ మీద టిప్పు గీయించినది. 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గరి పొల్లిలూరులో హైదర్ అలీ, టిప్పు కలిసి కంపెనీ సైన్యాన్ని ఓడించారు. కల్నల్ బెయిలీ పట్టుబడ్డాడు. గోడ మీద అతడు పల్లకిలో కూర్చొని ఉంటాడు. చుట్టూ చతురస్రంగా మూగిన ఎర్రకోట్ల సిపాయిలు, నడుమ పేలిపోతున్న మందుగుండు బండి, రెండు వైపులా తరుముకొస్తున్న మైసూరు గుర్రాలు. యుద్ధం ఓడినవారికి ఎట్లా ఉంటుందో ఇంగ్లీషువారిని చూపి చెప్పిన చిత్రమది. కాలక్రమేణా రంగులు పోతే 1850లలో డల్హౌసీ దానిని మళ్లీ వేయించాడు. తమ ఓటమి చిత్రాన్ని తామే బాగుచేయించుకున్నారు. గెలుపు మీద అంత ధీమా ఉన్నవాడే ఆ పని చేయగలడు. ఆ గోడ చిత్రానికి సంబంధించి కాగితం మీద గీసిన ఒక పెద్ద ప్రతి, పది కాగితాలు కలిపి సుమారు 32 అడుగుల పొడవు గలది, 2022 మార్చిలో లండనులోని సోద్‌బీస్ వేలంలో 6,30,000 పౌండ్లకు అమ్ముడైంది. మన లెక్కలో ఆరు కోట్ల రూపాయలకు పైమాట. మరుసటి ఏడు టిప్పు ఖడ్గం ఒకటి మరొక వేలంలో కోటి నలభై లక్షల పౌండ్లు పలికింది. టిప్పును ద్వేషించేవారు పెరుగుతున్న కాలంలోనే టిప్పు వస్తువుల ధర పెరుగుతున్నది. ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో తీర్పు చెప్పే పని మాది కాదు.

అబ్దుల్ కలాం గారు తమ ఆత్మకథలో ఒక సంగతి రాశారు. అమెరికాలోని వాలప్స్ రాకెట్ కేంద్రానికి శిక్షణకు వెళ్లినప్పుడు, అక్కడి ముందరి గదిలో ఒక యుద్ధ చిత్రం వ్రేలాడుతున్నదట. వెనుక రాకెట్లు ఎగురుతున్నవి. దగ్గరికి వెళ్లి చూస్తే రాకెట్లు వేస్తున్నవారు తెల్లవారు కారు, టిప్పు సైనికులు. మన దేశంలో మరచిన విషయాన్ని పరాయి దేశంలో గోడకు పెట్టుకున్నారని ఆయన విస్తుపోయారు. ఈ సంగతి చెప్పిన ప్రతిచోటా పిల్లల కళ్లు మెరవడం మేము చూశాము.

ఇంతవరకు చెప్పి ఆపివేస్తే ఇది తేలికైన ప్రసంగం. చప్పట్లు కూడా పడతాయి. కానీ మా పెట్టెలలోని కాగితాలు అంత తేలికగా వదలవు. టిప్పు మీదికి వెళ్లిన సైన్యంలో మన నిజాం సైన్యమూ ఉన్నది. 1792లో ఉన్నది, 1799లో మీర్ ఆలం వెంట ఉన్నది. ఆ యుద్ధాలలో నిజాం వాటాకు వచ్చిన భూములనే 1800లో ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. కడప, అనంతపురం, బళ్లారి వారి చరిత్రలో శ్రీరంగపట్టణం పతనం ఈ విధంగా ఇమిడి ఉన్నది. హైదరాబాదు ముస్లిములమని గర్వంగా చెప్పుకొనే మనం ఈ పేజీని మడిచి పెడుతూ వచ్చాము. మా బృందంలోనే దీని మీద రాత్రి రెండు గంటల దాకా గొడవ జరిగింది. ఒకరు అలిగి వారం రోజులు రాలేదు.

ఈ భద్రాచలంలో నిలబడి గోల్కొండను తలచకుండా ఉండలేము. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న కథ మీకు మేము చెప్పవలసిన పని లేదు. తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారంగా నేటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తున్నవి. ఇక్కడి దుకాణాలలో దొరికే రంగుల పటాలలో తానీషా రెండు రకాలుగా కనబడతాడు. ఒకటి, గోపన్నను చెరలో వేసిన ప్రభువు. రెండు, రామలక్ష్మణుల చేతి నుంచి మొహరీలు అందుకొని ఆశ్చర్యపడిన అదృష్టవంతుడు. అదే తానీషా 1687లో ఔరంగజేబు సైన్యం చుట్టుముట్టిన కోటలో ఎనిమిది నెలలు నిలిచిన రాజు. ఆ బొమ్మ ఏ దుకాణంలోనూ లేదు. లోపలివాడు తలుపు తీసినందువల్లనే సెప్టెంబరు 21న ఆ కోట పడింది. అబ్దుర్ రజాక్ లారీ ఒంటినిండా గాయాలతో చివరిదాకా పోరాడితే, గెలిచిన ఔరంగజేబే అతనికి వైద్యులను పంపించాడు. తానీషా దౌలతాబాదు చెరలో కన్నుమూశాడు. ముస్లిం చక్రవర్తి ముస్లిం రాజు కోటను పడగొట్టిన యుద్ధమిది. ఆ రాజు మంత్రులైన అక్కన్న, మాదన్నలు అంతకు ముందటి సంవత్సరమే హతులయ్యారు. యుద్ధాలన్నిటినీ రెండు మతాల నడుమ గీత గీసి పంచిపెట్టే పాఠాలకు గోల్కొండ లొంగదు. బహుశా అందుకే దాని బొమ్మకు గిరాకీ లేదు.

1857 విషయంలో మాకు దొరికిన చిత్రం రష్యా వారిది. ఖమ్మం జిల్లాలో కమ్యూనిస్టుల ఇళ్లలో సోవియట్ భూమి పత్రిక కట్టలు, విశాలాంధ్రలో కొన్న రష్యా చిత్రకళా సంపుటాలు ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. అట్లాంటి ఒక అటక మీద వెరెష్చాగిన్ చిత్రాల ముద్రణలు దొరికాయి. ఈ చిత్రకారుడు రెండుసార్లు మన దేశానికి వచ్చినవాడు. తిరుగుబాటుదారులను ఫిరంగుల గొట్టాలకు కట్టి పేల్చివేసే దృశ్యాన్ని 1884 ప్రాంతంలో గీశాడు. సైనికుల దుస్తులు 1857 నాటివి కావు, అతని కాలం నాటివి. ఇంగ్లీషువారు దానిని పట్టుకొని తప్పుబట్టారు. ఇంతకీ ఆ అసలు చిత్రం నేడు ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. మనకు మిగిలినవి దాని ముద్రణలే. పోర్టర్ పటం కాలిపోయింది, వెరెష్చాగిన్ పటం కనబడకుండా పోయింది. కాగితం ముక్కలు రెండింటినీ బ్రతికించాయి. ఆ సంపుటం ఇచ్చిన పెద్దాయన డబ్బు తీసుకోలేదు. తురేబాజ్ ఖాన్ బొమ్మ దొరికితే ఒక ప్రతి ఇవ్వమని మాత్రం అడిగారు. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీదికి దండెత్తిన ఆ యోధుని చిత్రం ఏ లండను వర్తకుడూ చెక్కించలేదు. ఆయనకిచ్చిన మాట ఇంకా మా మీద ఉన్నది.

ఇక్కడ కాగితాన్ని కాపాడడం గురించి కొంత చెప్పాలి. ఈ అడవి అంచున కాగితానికి శత్రువులు ముగ్గురు. వానాకాలపు తేమ, చెద, వెండిపురుగు. తేమ వల్ల గోధుమరంగు మచ్చలు లేస్తాయి. వాటిని రబ్బరుతో రుద్దితే మచ్చతోపాటు సిరా కూడా పోతుంది. మామూలు అట్టను వెనుక పెడితే కొన్నేళ్లకు దానిలోని ఆమ్లం చిత్రాన్ని పసుపుపచ్చగా కాల్చివేస్తుంది. ఆమ్లం లేని అట్టను తెప్పించుకోవడం కొంచెం ఖర్చే. ఏరు దాటితే సారపాకలో కాగితపు అట్టల మిల్లు ఉన్న చోట, అట్ట కోసం హైదరాబాదుకు రాయవలసి రావడం మాకు నవ్వు తెప్పించేది. చిత్రాలను గోడకు పెట్టము, చదునుగా పెట్టెలో ఉంచుతాము. ఈ పద్ధతి వల్ల మరొక మేలు జరిగింది. ప్రాణుల చిత్రాలను ఇంట్లో వ్రేలాడదీయవచ్చునా అని మా పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ చర్చలో తీర్పు చెప్పే విద్వత్తు మాకు లేదు. దస్తావేజుల్లాగా పెట్టెలోనే ఉంటాయి, చదువు కోసమే తీస్తామని చెబితే వారు శాంతించారు.

పెట్టెలు కూడా ఒకసారి మమ్మల్ని కాపాడలేకపోయాయి. 2022 జూలైలో ఇక్కడ గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే. బూర్గంపాడు వైపు మా మిత్రుని ఇంట్లో మంచం మీదికి ఎక్కించిన పెట్టెలోకి నీళ్లు చేరాయి. ఆయన తల్లిగారిని, బియ్యాన్ని, పిల్లల పుస్తకాలను ముందు తరలించాడు. బొమ్మల పెట్టె సంగతి మూడో రోజు గుర్తుకు వచ్చిందట. అదే సరైన వరుస. తొమ్మిది ముద్రణలు బురదలో కలిశాయి. మా మొదటి చిత్రం, ఆబిడ్స్‌లో దొరికిన ఉక్కు రేకు అచ్చు, వాటిలో ఒకటి. విలువ లేనిదని తెలిసిన తరువాత కూడా దానికోసమే ఎక్కువ బాధపడ్డాము.

ఆ వరదలో శిబిరానికి చేరినవారిలో కూనవరం, వి.ఆర్. పురం వైపు కోయ కుటుంబాలు ఉన్నాయి. పెట్టెను ఆరబెడుతుంటే ఒక పెద్దావిడ వచ్చి కాగితాలను ఒక్కొక్కటిగా చూసింది. యుద్ధాలన్నీ రాజులవేనా, మావాళ్లవి లేవా అని అడిగింది. ఆ మాట మమ్మల్ని రేకపల్లి వైపు మళ్లించింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషువారికి ఇచ్చాడు. 1874లో అవి గోదావరి జిల్లాలో కలిశాయి. 1879లో రంపలో లేచిన ఫితూరీ అదే ఏడు రేకపల్లి కొండలకు పాకింది. పోడు మీద శిస్తు పెంచడం, అడవి మీద ఆంక్షలు విధించడం దానికి మూలం. కారం తమ్మన్నదొర వంటి నాయకులు నెలల తరబడి పోలీసులను, పటాలాలను నిలువరించారు. అణచడానికి మద్రాసు నుంచి, హైదరాబాదు వైపు నుంచి కూడా సైన్యం వచ్చింది. అణచినవారికి బొమ్మ వేయించుకొనేంత గొప్ప గెలుపుగా అది తోచలేదు. అణగినవారికి రేకు, రూళ్లు, చందాదారులు లేరు. 1922 నుంచి 1924 వరకు నడిచిన అల్లూరి పోరాటానికైనా సినిమాలు, క్యాలెండర్లు వచ్చాయి. రేకపల్లికి అవీ రాలేదు. 2014లో ఆ ఊళ్లు రాష్ట్రమే మారాయి. పోలవరం నీళ్లు నిండితే చాలా ఊళ్లకు చోటే ఉండదు.

కనుక మేము మొదటిసారి కొనడం మాని చేయించడానికి పూనుకున్నాము. మా జిల్లాలో డ్రాయింగు మాస్టారు ఒకరు లినోలియం పలక మీద రేకపల్లి దృశ్యాన్ని చెక్కారు. మొదటి అచ్చు తీసి ఆ పెద్దావిడకు చూపించాము. ఆమె చాలాసేపు చూసి, విల్లంబుల మగవాళ్లే ఉన్నారు, గింజలు మోసిన ఆడవాళ్లేరి అన్నది. మాస్టారు పలకను పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టారు. రెండవ పలకలో నడుమ ఉన్నది తలమీద గంప, చంకన బిడ్డతో కొండ ఎక్కుతున్న స్త్రీ. పోరాడేవారు వెనుక ఉన్నారు. ఇటువంటి యుద్ధ చిత్రం మా పెట్టెలలో మరొకటి లేదు. అరవై ప్రతులు తీశాము. అంకెలు వేశాము. తరువాత పలకను ఏం చేయాలన్నది తగవైంది. పద్ధతి ప్రకారం గీతలు గీసి పాడుచేయాలని ఇద్దరం, ఇది ధర పెంచుకోవడానికి తీసినది కాదు గనుక ఉంచాలని ముగ్గురం. చివరికి పలకను ఆమె ఊరి బడికి ఇచ్చివేశాము. ఆ బడి పిల్లలు దానితో ఎన్ని అచ్చులు తీసుకున్నా మాకు లెక్క లేదు. అంటే నిజానికి మేము చేయించిన పరిమిత ముద్రణకు పరిమితి లేదు. కలెక్టర్లు నవ్వవచ్చు. కలెక్టర్లంటే జిల్లా కలెక్టర్లు కాదు, సేకరించేవారు.

ఇప్పుడు మొదట చెప్పిన తప్పు దగ్గరికి వస్తాను. వస్తామనాలి, అది అయిదుగురిదీ.

కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాలలో మా చిత్రాలను ప్రదర్శించాము. ఊరు, పేరు చెప్పము. ఇరవై రెండు చిత్రాలు పెట్టాము. మొదటి రోజు పిల్లలు బాగా చూశారు. రెండవ రోజు ఉదయం కొందరు పెద్దమనుషులు వచ్చి టిప్పు చిత్రాలను తీసివేయమన్నారు. అరవలేదు, బెదిరించలేదు, మర్యాదగానే చెప్పారు. అనవసరపు రగడ ఎందుకు, మిగతావి ఉండనీయండి అన్నారు. బడివారు మా ముఖాలు చూశారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకొని, ఏడు చిత్రాలను గోడ మీది నుంచి దించి సంచిలో పెట్టుకున్నాము. చర్చ కూడా జరగలేదు. మిగిలిన పదిహేను చిత్రాలతో ప్రదర్శన ప్రశాంతంగా ముగిసింది. శాంతికి తోడ్పడినందుకు మాకు శాలువాలు కప్పారు.

ఆ ఏడు చిత్రాలూ టిప్పు ఓడిపోతున్న చిత్రాలే. అతని శత్రువులు, అతనిని చంపినవారి కోసం గీసుకున్నవి. అతనిని పొగిడే గీత వాటిలో ఒక్కటీ లేదు. పడిపోయిన మనిషి ముఖం కూడా గోడ మీద ఉండరాదన్నమాట. ఈ సంగతిని వచ్చిన పెద్దమనుషులకు చెప్పవలసింది. మీరు దించమంటున్నవి ఇంగ్లీషువారి విజయ చిత్రాలు, వాటిని దించితే ఇంగ్లీషువాడు ఏం చేశాడో పిల్లలకు తెలియకుండా పోతుందని అనవలసింది. నిజాం సైన్యం ఎవరి పక్కన నిలబడిందో కూడా ఆ గోడ ముందే చెప్పగలిగేవాళ్లం. మేము చెప్పలేదు. భయపడ్డామని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, సామరస్యం కోసం చేశామని మాకు మేమే చెప్పుకున్నాము. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు సాయంత్రం వచ్చి, నిన్న ఇక్కడున్న బొమ్మలేవి సార్ అన్నాడు. తడి తగిలి పాడయ్యాయని చెప్పాము. అబద్ధం. అప్పటికి వరద రాలేదు.

రాజ్యాంగంలోని 29వ అధికరణం తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కును ప్రతి వర్గానికీ ఇచ్చింది. మనం ఆ మాటను బడుల గుర్తింపు కోసం, ఉర్దూ మాధ్యమం కోసం వాడుతాము, వాడాలి కూడా. కానీ హక్కును మనంతట మనమే దించి సంచిలో పెట్టుకుంటే ఏ న్యాయస్థానం దానిని తిరిగి గోడకు తగిలిస్తుంది?

రెండు చిన్న విషయాలు చెప్పి ముగిస్తాము. మీ ఇళ్లలో, దర్గాల గదులలో, పీర్ల చావిళ్లలో, అటకల మీద పాత అచ్చు చిత్రాలుంటే పాత కాగితాలవాడికి వేయకండి. హైదరాబాదు నుంచి వచ్చే వర్తకులకు తొందరపడి అమ్మకండి. నూరేళ్లు దాటిన కళావస్తువును దేశం దాటించడానికి 1972 నాటి చట్టం ఒప్పదు. అది తెలిసినవారు మీకు చెప్పకుండా కొంటారు. మా దగ్గరికి తెస్తే చూసి, అది ఏమిటో చెప్పి, మళ్లీ మీకే ఇస్తాము.

రెండవది, ఈ సభ జరిగే రెండు రోజులూ బయట వరండాలో మా చిత్రాలున్నాయి. ఇరవైఆరు పెట్టాము. నాడు దించిన ఏడూ ద్వారం పక్కనే ఉన్నాయి. రేకపల్లి అచ్చు చివరన ఉన్నది, పదకొండవ ప్రతి. మొన్న ఆ బడికి ఉత్తరం రాసి, నాటి పిల్లవాడి కోసం వాకబు చేశాము. ఇప్పుడు పాల్వంచలో డిగ్రీ చదువుతున్నాడట. రేపు మధ్యాహ్నం బస్సుకు వస్తానని కబురు పంపాడు.